రెండో చెయ్యి

గురువారం కుట్టుగుంపులో దారపు రీలు చెయ్యి జారితే ఎవరూ గాభరాపడి వెతుక్కోరు. అది తిన్నగా పక్క కిటికీ కిందికే దొర్లుతుందని అందరికీ తెలుసు. మొదట్లో బల్ల కాలు పొట్టిదనుకున్నారు. మందులషాపు ఆవిడ ఒక అట్టముక్క మడిచి కాలి కింద పెట్టింది. కొన్నాళ్లకి దానిమీద ఇంకో అట్ట, వేసవి వచ్చేసరికి మరొకటి.

"ఈ బల్లకి మడమలు పెరుగుతున్నాయర్రా. ఓ రోజు మనకి చెప్పకుండా టకటకా నడిచి వెళ్లిపోతుంది, చూడండి," అందావిడ. అందరూ నవ్వారు. స్కేలమ్మ కూడా నవ్వింది.

స్కేలమ్మ అన్నది గుంపు పెట్టిన పేరు. కుట్టు ఒక్క పోగు పక్కకి జరిగినా ఆమె కంట్లో పడుతుంది. పడ్డాక విప్పకుండా ఉండలేదు. ఇంట్లో తువ్వాళ్లు అంచుకి అంచు కలిపి మడత పెడుతుంది. గోడమీద ఫోటో వంకరగా ఉంటే చుట్టపుచూపుగా వెళ్లిన ఇంట్లో కూడా లేచి సరిచేసి మరీ కూర్చుంటుంది. "మీ ఆయన మీసం రెండువైపులా సమానంగా ఉందని కొలుచుకున్నాకే పెళ్లికి ఒప్పుకుని ఉంటావు," అని మందులషాపు ఆవిడ ఏడిపిస్తుంటుంది.

గుంపు కూర్చునేది ఒక మూడంతస్తుల పాత మేడలో, అన్నిటికన్నా పై గదిలో. మధ్య అంతస్తు ఎప్పుడూ తాళం వేసే ఉంటుంది. కింద అంతస్తులో స్కేలమ్మ చెల్లెలు పిల్లల గది నడుపుతోంది. ఉద్యోగాలకి వెళ్లే తల్లులు పిల్లల్ని అక్కడ దింపి సాయంత్రం తీసుకెళ్తారు. స్కేలమ్మ కూతురు, ఇంటిల్లిపాదీ పిడుగు అని పిలిచే పిల్ల, బడి వదలగానే అక్కడికే చేరుతుంది. పైన కుట్టుకుంటూ కూర్చుంటే పిల్లల కేకలు, వాటి మధ్యన చెల్లెలి గొంతు మెట్లమీదుగా వినిపిస్తుంటాయి.

ఆ గొంతు వినడమంటే స్కేలమ్మకి ఇష్టం. అంతకుముందు చెల్లెలు ఏ పని మొదలుపెట్టినా మూణ్ణాళ్ల ముచ్చటే అయ్యేది. మొగుడు వదిలేసి వెళ్లాక మరీ డీలాపడిపోయింది. దానివల్ల ఏదీ కాదని ఇంట్లోవాళ్లంతా తేల్చేసిన సమయంలో, ఓనరుతో మాట్లాడి, ఈ గది చూపించి, తాళం చెవి చేతిలో పెట్టింది స్కేలమ్మే. ఇప్పుడు పిల్లలు చెల్లెల్ని చూడగానే కాళ్లకి చుట్టుకుంటారు. చెల్లెలు మళ్లీ తలెత్తుకుని నడుస్తోంది.

మేడ పక్కనున్న ఖాళీ స్థలం కూడా ఓనరుదే. కిందటేడు అక్కడ కొత్త భవనం కడతానని గోడ పక్కనే లోతుగా గొయ్యి తవ్వించాడు. తర్వాత ఏ కారణం చేతో పని ఆగిపోయింది. గోతిలో నీళ్లు చేరాయి. పక్క కిటికీలోంచి తొంగి చూస్తే ఆకుపచ్చగా, అలలు లేకుండా, ఎప్పుడు చూసినా మేడ గోడ నీడని మింగుతూ ఉంటాయి.

ఆ ఏడు గుంపు పెద్ద పనే నెత్తిన వేసుకుంది. గ్రంథాలయం హాల్లో ఒక గోడ నిండా వేలాడదీయడానికి తమ వీధినంతా గుడ్డమీద కుట్టాలి. ఎవరింటి కిటికీలోంచి ఏది కనిపిస్తే వాళ్లు అది కుట్టాలి. చివరికి ముక్కలన్నీ కలిపి ఒకటే తెర చెయ్యాలి. ఆలోచన టీచరమ్మది. ఆవిడ పూర్వం బళ్లో డ్రాయింగు చెప్పేది. గుంపు పెట్టిందీ, దానికి కట్టుబాట్లు పెట్టిందీ ఆవిడే.

ఆ కట్టుబాట్లలో గట్టిది రెండో చెయ్యి. ఎవరు ఏం కుట్టినా, పూర్తయ్యాక పేరు లేకుండా ఒక సంచిలో వేసేస్తారు. టీచరమ్మ వాటిని కలిపి పంచుతుంది. ఎవరికి ఏది వస్తే వాళ్లు దాన్ని ఇంటికి తీసుకెళ్లి తప్పులు సరిచేసి తేవాలి. ఇది ఎవరిదని రెండో చెయ్యి అడగకూడదు. నాది ఎందుకు మార్చావని మొదటి చెయ్యి అడగకూడదు. ఒకప్పుడు గులాబీ రేకు రంగు దగ్గర ఇద్దరు మాటా మాటా అనుకుని, జుట్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువగా పోట్లాడుకుని, గుంపు చీలిపోయే దాకా వచ్చింది. అప్పట్నుంచీ ఈ పద్ధతి. మాట తప్పినవాళ్లు ఇంతవరకూ లేరు.

స్కేలమ్మకి వచ్చిన ముక్కలో మేడే ఉంది. వాళ్లు కూర్చునే మేడ. ఎదురింట్లోంచి చూసినట్టుంది కాబట్టి అది ఎదురింటి పెద్దమ్మ కుట్టిందని పోల్చుకోవడానికి పెద్ద తెలివేమీ అక్కర్లేదు. పోల్చుకున్నా పైకి అనకూడదు, అంతే. పెద్దమ్మ ఎవరికీ వరసకి పెద్దమ్మ కాదు. రోడ్డుకి అవతల, మేడకి సరిగ్గా ఎదురుగా, పై వాటాలో ఒక్కతే ఉంటుంది. ఆ మధ్య కళ్లలో శుక్లాలు తీయించుకుంది. ఒక్క కిటికీ కుట్టడానికి నెలంతా తీసుకునే రకం.

ముక్కని రింగులో బిగించి చూడగానే స్కేలమ్మ నాలుక చప్పరించింది. కింద అంతస్తు కిటికీలు తిన్నగానే ఉన్నాయి. మధ్య అంతస్తువి పోగో రెండు పోగులో కుడికి జరిగాయి. పై అంతస్తువి ఇంకా జరిగాయి. కాడ కుట్టుతో వేసిన గోడ అంచు గీత కింద చక్కగా మొదలై, పైకి పోయేకొద్దీ గోతివైపు ఒరిగిపోయింది.

పాపం, పెద్దమ్మ కళ్లు, అనుకుని కత్తెర మొన కుట్టు కిందికి దూర్చింది.

విప్పుతుంటే ఒక సంగతి ఆమె వేళ్లకి తెలిసింది. తప్పిన కుట్టు వదులుగా ఉంటుంది, లేదా గుడ్డని పీక్కుని ఉంటుంది. చెయ్యి తడబడినచోట వెనకవైపు ముడులు పడి ఉంటాయి. ఇక్కడ అలాంటిదేమీ లేదు. ప్రతి కుట్టూ పోగులు లెక్కపెట్టి వేసిందే. గీత ఎక్కడా వణకలేదు. ఓపిగ్గా, ఒకే తీరున వాలుతూ పోయింది. ఇంత జాగ్రత్తగల మనిషి ఇంత తప్పు ఎలా చేసింది? ఆ ప్రశ్న మనసులోకి వచ్చి గుమ్మంలో కాసేపు నిలబడింది. కానీ అప్పటికే గోడ సగం ఊడిపోయింది. వేళ్లు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. వారం తిరిగేసరికి మేడ గుడ్డమీద సైనికుడిలా నిటారుగా నిలబడింది. ఊడదీసిన దారపు తునకలన్నీ ఊడ్చి చెత్తబుట్టలో వేసింది.

ఎండలు ముదిరాయి. పై గది తలుపు పట్టేయడం మొదలుపెట్టింది. వడ్రంగి వచ్చి అంచు చిత్రిక పట్టి వెళ్లాడు. కొన్నాళ్లకి మళ్లీ పట్టేసింది. మళ్లీ వచ్చాడు. "ఇంకోసారి పిలిస్తే తలుపు ఉండదమ్మా, చిడతే మిగుల్తుంది," అని విసుక్కున్నాడు.

ఓనరు ఒకరోజు మెట్లమీద ఎదురైతే స్కేలమ్మ ఆ సంగతి ఎత్తింది. ఆయన ఎప్పుడూ ఇస్త్రీ నలగని చొక్కాలో, నవ్వు నలగని ముఖంతో ఉంటాడు.

"చెక్క అన్నాక ఉబ్బుతుందమ్మా."

"వానలకి ఉబ్బుతుందంటే విన్నానండీ. ఎండలకి ఎండి సన్నబడాలిగా?"

"మీరు ప్రతిదీ భలే పట్టించుకుంటారమ్మా," అని నవ్వుతూ దిగిపోయాడు.

తెర కోసం బల్లమీద ఉంచిన తెల్లగుడ్డమీద కప్పిన దుప్పటి తీసినప్పుడల్లా, గోడా కప్పూ కలిసే చోటుకి సరిగ్గా కింద, బూడిదరంగు పొడి సన్నటి గీతలా పడి ఉండేది. దులిపేవారు. వచ్చే గురువారానికి గీత మళ్లీ ఉండేది. మందులషాపు ఆవిడ దానిమీద కూడా ఒక జోకు వేసింది గాని, ఈసారి నవ్వినవాళ్లు తక్కువ.

ఒక సాయంత్రం ఇంటికి నడిచి వెళ్తూ పిడుగు చూపుడువేలు పైకెత్తి చూపించింది.

"అమ్మా, పిన్ని గదిలో గోడకి నోరొచ్చింది. మొన్న పెన్సిలు పట్టింది. ఇవాళ నా వేలు కూడా పట్టింది."

స్కేలమ్మ ఆ వేలుని చూసింది. చిన్నపిల్లదైనా లావుపాటి వేలే. మర్నాడు వెళ్లి చూస్తే, ఆ చోట చెల్లెలు జంతువుల బొమ్మల అట్ట తగిలించింది. ఏనుగు పొట్ట వెనక ఉంది పగులు.

"పాత గోడ కదక్కా. సున్నం కొట్టిస్తానన్నాడు ఓనరు," అంది చెల్లెలు, ఒక పిల్లకి జడ అల్లుతూ. పక్క కిటికీ రెక్కలు రెండూ కలవకపోతే మధ్యలో పాత కాగితాలు మడిచి కుక్కింది. ఆ కాగితాలు వదులై కిందపడి ఉన్నాయి.

ముక్కలన్నీ జతచేసే రోజు రానే వచ్చింది. బల్లమీద, కుర్చీలమీద, ఆఖరికి నేలమీద కూడా పరిచారు. వీధి వీధంతా గదిలోకి వచ్చి పడుకున్నట్టుంది. నట్టనడుమ మేడ.

"ఇది చూడండి," అంది టీచరమ్మ కళ్లజోడు పైకి నెట్టుకుంటూ. "గీత అంటే ఇదీ. ఏ చెయ్యోగాని, బంగారంలాంటి చెయ్యి."

స్కేలమ్మ తల దించుకుంది గాని లోపల్లోపల పొంగిపోయింది. అప్పుడే ఎదురింటి పెద్దమ్మ మీద చూపు పడింది. పెద్దమ్మ మేడ ముక్క ముందు వంగి నిలబడి ఉంది. గోడ అంచుమీద వేలు పెట్టి కిందనుంచి పైదాకా మెల్లగా జరిపింది.

"నిటారుగానే ఉంది," అంది తనలో తాను. "మంచిదే. అయితే నాకే అలా కనిపించి ఉంటుంది."

ఆ మాట పక్కనున్న స్కేలమ్మ ఒక్కతే వింది. గుంపు చెదిరాక, సంచి మోసుకొస్తానన్న సాకుతో పెద్దమ్మ వెంట రోడ్డు దాటింది.

పెద్దమ్మ గదిలో కిటికీ దగ్గర ఒక కుర్చీ ఉంది. నాలుగు కాళ్ల చుట్టూ నేలమీద సుద్దతో గీసి ఉంది, అంగుళం కూడా కదలకుండా. కిటికీకి నిలువు కడ్డీలు. ఒక కడ్డీకి ఎర్ర దారం, పక్క కడ్డీకి నీలం దారం కట్టి ఉన్నాయి. స్కేలమ్మ వాటి వంక చూస్తుంటే పెద్దమ్మే చెప్పింది.

"బొమ్మ గీయడం రాదుగా నాకు. అందుకని ఇలా చూసి కుట్టేదాన్ని. కూర్చో. తల కుర్చీ వీపుకి ఆనించి ఎడమ కన్ను మూసుకో. నేను మొదలుపెట్టినప్పుడు మేడ అంచు ఆ ఎర్రదారం కడ్డీ వెనక దాక్కునేది, కిందనుంచి పైదాకా. దీపస్తంభం నీలందారం కడ్డీ వెనక. రెంటినీ పట్టుకుని మిగతావన్నీ కొలుచుకునేదాన్ని."

స్కేలమ్మ కూర్చుంది. కన్ను మూసుకుంది.

నీలందారం కడ్డీ వెనక స్తంభం పూర్తిగా దాక్కుంది. కాస్త కూడా బయటికి రాలేదు. ఎర్రదారం కడ్డీ వెనక మేడ కింది భాగం దాక్కుంది. నడుం దగ్గర కొంచెం బయటికి వచ్చింది. పైకి పోయేకొద్దీ గోడ అంచు కడ్డీని దాటి, గోతివైపు, ఎవరో పిలిస్తే తొంగి చూస్తున్నట్టు ఒరిగి ఉంది.

"స్తంభం కదల్లేదు పెద్దమ్మా," అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"అదేనమ్మా నేనూ అనుకున్నది. కంటి తప్పయితే రెండూ జరగాలిగా? కానీ ఎవరో దాన్ని తిన్నగా సరిచేసి తెచ్చారు. నాకన్నా మంచి కళ్లు చూశాయి కదా, ఇంక నాదే తప్పనుకుని ఊరుకున్నా."

"ఆ కళ్లు మేడని చూళ్లేదు. గుడ్డని చూశాయి అంతే." స్కేలమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని బిగించుకుంది. "ఒక్కమాట అడిగి ఉంటే బాగుండేది మీరు."

"అడక్కూడదుగా మరి," అంది పెద్దమ్మ.

రోడ్డుకి అవతల, ఆ ఒరిగిన గోడ అడుగున, పిల్లల గది తలుపు తెరుచుకుంది. ఒక తల్లి తన పిల్లని ఎత్తుకుని బయటికి వచ్చింది. మిగిలిన పిల్లలు గుమ్మంలో నిలబడి చేతులూపారు. వాళ్లలో పిడుగు కూడా ఉంది.

ఆ సాయంత్రం పిల్లలంతా వెళ్లాక స్కేలమ్మ చెల్లెలికి ఉన్నదున్నట్టు చెప్పింది. చెల్లెలు బొమ్మలు బుట్టలోకి ఎత్తుతూ వింది. ముందు నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది.

"చిన్నప్పట్నుంచీ నా జడ సరిచేశావు, నా చేతిరాత సరిచేశావు. ఆఖరికి నా మొగుణ్ణి కూడా సరిచెయ్యబోయావు, వాడు పారిపోయాడు. ఇప్పుడు నా గది వంకర అంటున్నావు."

"నేనంటున్నానా? వెళ్లి పెద్దమ్మ కుర్చీలో కూర్చుని నువ్వే చూడు."

"శుక్లాలు తీయించుకున్న ముసలావిడ కిటికీకి దారాలు కట్టిందని నేను గది ఖాళీ చెయ్యాలా? ఇంజనీరు ఎవరైనా చెప్పాడా?"

"మునిసిపాలిటీ ఆఫీసుకి ఇందాకే ఫోను చేసి అడిగాను. ఇంజనీరు వచ్చి చూడ్డానికి మన వంతు వచ్చేసరికి వర్షాలు పడతాయిట."

"అయితే అప్పుడు చూద్దాం."

"రేపట్నుంచి పిడుగుని పంపను."

చెల్లెలి ముఖం పాలిపోయింది. బుట్ట కింద పెట్టేసింది. "సొంత అక్కే పిల్లని తీసుకుపోయిందంటే మిగతా తల్లులు వారం ఉంటారా అక్కా? నాకిది ఒక్కటే ఉంది. ఇది నిలబెట్టింది నువ్వే. నువ్వే పడగొడతావా?"

స్కేలమ్మ వంగి, మిగిలిన బొమ్మలు బుట్టలో వేసింది. పిల్లని మాత్రం మర్నాటినుంచి పంపలేదు.

ఓనరు దగ్గరికీ వెళ్లింది. ఆయన కూర్చోబెట్టి, టీ తెప్పించి, మొత్తం విన్నాడు. విన్నాక ఫోను తీసి ఒక ఫోటో చూపించాడు. గుంపు కుట్టిన తెర.

"గ్రంథాలయంవాళ్లు పంపారమ్మా. ఎంత బాగుందో! నా మేడ చూడండి, స్తంభంలా ఉంది. మీ గుంపు చేతుల్లో తీరిందేనట కదా?" అని ఆప్యాయంగా అడిగాడు. స్కేలమ్మ టీ తాగకుండానే లేచింది.

తర్వాతి గురువారం, వెళ్లాలా వద్దా అని తెల్లారిందగ్గర్నుంచీ కొట్టుమిట్టాడి, చివరికి వెళ్లింది. ఆ మెట్లు ఎక్కుతుంటే ఒక్కో మెట్టుమీదా కాలు ఆచితూచి వేసింది. కింద గది దాటుతుంటే చెల్లెలు తలెత్తి చూసి మళ్లీ దించేసుకుంది. పైన అందరూ చేరాక, సూదిలో దారం ఎక్కించకుండా నిలబడే చెప్పింది.

"మేడ ముక్కకి రెండో చెయ్యి నేను."

ఇన్నేళ్లలో ఆ బల్ల దగ్గర ఎవరూ అనని మాట అది. టీచరమ్మ ముఖం గంటు పెట్టుకుంది. మందులషాపు ఆవిడ నోరు తెరిచి, ఏ జోకూ దొరక్క మూసుకుంది.

"మొదటి చెయ్యి నేను," అంది పెద్దమ్మ మూలనుంచి. "ఆ అమ్మాయి చెప్పేది వినండి."

విన్నారు. విన్నంతసేపూ ఎవరికి వాళ్లే బల్ల కాలి కింది అట్టల వంక చూశారు.

"గుడ్డ తప్పో గోడ తప్పో తేలాలి ముందు," అంది టీచరమ్మ చివరికి. గొంతులో కోపం లేదు, తడి కూడా లేదు. "గోడ కట్టేటప్పుడు మేస్త్రీలు దారానికి బరువు కట్టి వదుల్తారు. మన దగ్గర లేనిదేముంది? దారమా, బరువా?"

బొంత దారం నాలుగు పేటలు పురిపెట్టారు. చివర గుడ్డలు కత్తిరించే పెద్ద కత్తెర కట్టారు. స్కేలమ్మ పక్క కిటికీలోంచి వంగి, చెయ్యి కిందికి చాపి, గట్టు కింది గోడకి దారాన్ని బొటనవేలితో నొక్కి పట్టింది. మందులషాపు ఆవిడ వెనకనుంచి ఆమె నడుం పట్టుకుంది. "పడ్డావంటే మీ ఆయనకి నేను చెప్పలేను తల్లీ," అంది.

కత్తెర దిగింది. తాళం వేసిన అంతస్తు దాటింది. దిగేకొద్దీ గోడకి దూరమవుతూ పోయింది. కింద గోతిలో నీళ్లు కత్తెర మెరుపుని పట్టుకుని వదిలేశాయి.

"కత్తెర! ఆకాశంనుంచి కత్తెర!" అని పిల్లలు కేకలు పెట్టారు.

"పైన ఏవిటా ఆటలు? పిల్లలకి తగిలితే ఎవరిది పూచీ?" చెల్లెలి గొంతు చిరచిరలాడుతూ వచ్చింది. దారం ఊగడం ఆగాక ఆ గొంతు తగ్గింది. "అక్కా, దారం గోడకి ఆనించి వదులు."

"ఆనించే ఉంది. వేలితో నొక్కి పట్టుకున్నాను. నువ్వు చెయ్యి బయటికి పెట్టి చూడు."

కింద కిటికీ ఊచల్లోంచి చెల్లెలి చెయ్యి బయటికి వచ్చింది. బొటనవేలు గోడకి ఆనించి, చిటికెనవేలు చాపగలిగినంత చాపింది. కత్తెర ఆ వేలికి అందలేదు. చెయ్యి అలాగే ఉండిపోయింది, గాలిలో, వేళ్లు విప్పుకుని. స్కేలమ్మ పైనుంచి ఆ చెయ్యినే చూస్తూ ఉంది. గాలి లేదు. ఆకు కదలడం లేదు.

చెయ్యి లోపలికి వెళ్లిపోయింది.

"పిల్లలూ," అని వినిపించింది. గొంతు చాలా ఉల్లాసంగా ఉంది, అంత ఉల్లాసం ఆ గొంతుకి అలవాటు లేదు. "లేవండి, బూట్లేసుకోండి. ఎవరు చప్పుడు లేకుండా బయటికి నడుస్తారో చూద్దాం. బొమ్మలు వద్దు నాన్నా. బొమ్మలు వదిలెయ్. వదిలెయ్ అన్నానా!"

"ఒక్కొక్కరే దిగండి," అంది టీచరమ్మ. "పరుగెత్తొద్దు."

నిద్రపోతున్న పసివాణ్ణి ఎత్తుకున్నట్టు, అడుగు చప్పుడు కాకుండా ఒకరి వెనక ఒకరు దిగారు.

మేడ పడలేదు.

ఆ రోజు పడలేదు, ఆ వారం పడలేదు. ఓనరు పగుళ్లలో సిమెంటు కూరించి, లేత పసుపురంగు వేయించాడు. "దారం అన్నాక గాలికి ఊగదా అమ్మా?" అని అడిగినవాళ్లందరికీ నవ్వుతూ చెప్పాడు. అడిగినవాళ్లు కూడా నవ్వారు. గుంపు టీచరమ్మ వాకిట్లో కూర్చోవడం మొదలుపెట్టింది. చెల్లెలు పిల్లల్ని స్కేలమ్మ ఇంటి ముందుగదికి మార్చింది. అది దూరమని కొందరు తల్లులు మానేశారు. "మేడ నిక్షేపంలా ఉందిగా, మరెందుకు ఖాళీ చేశారు?" అని కొందరు మొహంమీదే అడిగారు. ముందుగది రోజురోజుకీ నిశ్శబ్దమైపోయింది.

చెల్లెలు రోజూ పనిగట్టుకుని ఆ వీధిలోంచే వచ్చేది. వచ్చి, చెప్పులు విడుస్తూ, "ఇంకా నిలబడే ఉంది," అనేది. అంతే అనేది. ఆ మాట స్కేలమ్మకి చెంపమీద కొట్టినట్టుండేది. మేడ పడాలని కోరుకునేంత పాపిష్టి మనిషి కాదు ఆమె. అయినా గిన్నెలు కడుగుతూ కడుగుతూ నీళ్ల కుళాయి కట్టేసి, ఏదైనా చప్పుడు వినబడుతుందేమోనని చెవులు రిక్కించేది. వింటున్నానని తెలిసి తనమీద తనకే వెగటు పుట్టేది.

అలా ఉండగా ఒక ఉదయం పెద్దమ్మ ఫోను చేసింది. "ఇద్దరూ రండి," అని మాత్రం అంది.

పిడుగుని వెంటపెట్టుకుని వెళ్లారు. పెద్దమ్మ కిటికీలోంచి చూస్తే మేడ ముందు ఒక వ్యాను ఆగి ఉంది. కూలీ ఒకడు బెంచీలు దింపుతున్నాడు. పై అంతస్తునుంచి కింది దాకా కొత్త బోర్డు వేలాడుతోంది. ట్యూషన్లట. అన్ని అంతస్తులూ. పుస్తకాల సంచులు తగిలించుకున్న పిల్లలు అప్పుడే వచ్చి, ముందు గోడ నీడలో వరసగా నిలబడి ఉన్నారు.

చెల్లెలు ఎవరూ చెప్పకుండానే కుర్చీలో కూర్చుంది. తల వెనక్కి ఆనించి కన్ను మూసుకుంది. చాలాసేపు చూసింది. ముందు నీలందారం, తర్వాత ఎర్రదారం.

"పసుపురంగు వేస్తే భలే తెలుస్తోంది," అంది చివరికి, ఎవరితోనూ కాకుండా. లేచి గబగబా మెట్లు దిగింది.

స్కేలమ్మ కిటికీలోంచి చూసింది. చెల్లెలు రోడ్డు దాటింది. వ్యాను చుట్టూ తిరిగి వెళ్లి, మేడ గుమ్మంలో, అటు కాలు ఇటు కాలు చాపి కూర్చుంది. బెంచీ మోస్తున్న కూలీ ఆమె ముందు ఆగిపోయాడు.

"అమ్మా, దారి."

"ఇవ్వను."

"ఓనరుగారితో మాట్లాడుకోండమ్మా, నేను బెంచీ మోసేవాణ్ణి."

"ఆయన్నే రమ్మను. బెంచీ దింపుకో, భుజం నొప్పెడుతుంది."

సంచులున్న పిల్లలు నవ్వారు. ఒకడు ముందుకి వచ్చి చూడబోతే చెల్లెలు వేలు చూపించి, "నువ్వు రోడ్డవతలికి పో. అందరూ అటు పోండి. మాస్టారొస్తే నేను చెప్తాను," అంది. పిల్లల గదిలో మాట్లాడే గొంతే అది. వాళ్లు తెల్లమొహాలు వేసుకుని ఒక్కొక్కరే రోడ్డు దాటారు. వీధి చివర ఓనరు తెల్లచొక్కా కనిపించింది. ఆయన తొందరపడకుండా, నవ్వుతూ నడిచి వస్తున్నాడు.

గుమ్మం పైనుంచి ఏదో చిన్నగా చిట్లిన చప్పుడు ఇక్కడికి కూడా వినిపించింది. పెద్దమ్మ స్కేలమ్మ వంక చూసింది.

స్కేలమ్మ పిడుగు చేతిని పెద్దమ్మ చేతిలో పెట్టింది. "దీన్ని వదలకండి," అని మెట్లు దిగింది. రోడ్డు ఇంత వెడల్పుదని ఆమెకి ఎప్పుడూ తెలియలేదు. మేడ నీడలోకి అడుగుపెట్టి గుమ్మం దాకా నడిచింది. చెల్లెలు ఆమె వంక చూడనైనా చూడలేదు. వస్తున్న ఓనరుమీదే చూపు నిలిపి, పక్కకి జరిగి కాస్త చోటిచ్చింది.

"వచ్చావా," అంది. "కూర్చో అక్కా. గోడకి మాత్రం ఆనుకోకు."